గ్రంథాలయమున యంత్రము నిలిచిన నాడు

గ్రంథాలయములందు పుస్తకముల పట్టికయు, సభ్యుల పేళ్లును, ఎరువిచ్చిన గ్రంథముల లెక్కయు క్రమముగా కంప్యూటరులోనికి చేరుచున్నవి. ఇది మేలే. కాని తాళపుచెవి పోయినచో బీరువాలోని పుస్తకములు ఉండియు లేనట్లే గదా! యంత్రము నిలిచినపుడును అంతే.

కోనసీమవారికి ఈ యిక్కట్టు క్రొత్తది కాదు. 1996 నవంబరు 6వ తేదీనాటి తుపాను కొబ్బరితోటలతోపాటు కరెంటు స్తంభములను, టెలిఫోను తీగెలను కూల్చినది. 2022 మే 24న జిల్లా పేరు విషయమై అమలాపురమున అల్లరులు చెలరేగగా, ప్రభుత్వము అంతర్జాలమును పలుదినములు నిలిపివేసెను. ఒకటి గాలివలన, వేరొకటి ఉత్తరువువలన. పాఠకునికి ఫలితము మాత్ర మొక్కటే.

కావున ముందుగా ఏది నిలిచినదో తెలిసికొనవలెను. దీపములు, పంకాలుకూడ ఆగినచో అది కరెంటు లోపము. యూపీఎస్ పెట్టె కొద్ది నిమిషములే యంత్రమును నిలుపును. ఆ వ్యవధిలోనే లెక్కను భద్రపరచి యంత్రమును క్రమముగా ఆపవలెను. యంత్రము నడచుచు బయటి సమాచారము రానిచో నెట్టు లోపము. అపుడు అన్నిటిని ఆపి, అరనిమిషము తాళి, తొలుత మోడెమును, అది నిలుకడపడిన పిదప రూటరును, కడపట కంప్యూటరును వెలిగింపవలెను. యంత్రమే లేవనిచో పదేపదే మీటలు నొక్కక, తెలిసినవారిని పిలువవలెను.

ఈలోపల పాఠకుని వట్టిచేతులతో పంపరాదు. బల్లపై ఒక గీతల పుస్తకము నుంచి, సభ్యుని సంఖ్య, గ్రంథపు సంఖ్య, ఇచ్చినదో వచ్చినదో, తేదీ, గంట వ్రాయవలెను. యంత్రము కోలుకొన్న పిదప వీనిని వరుస తప్పక ఎక్కింపవలెను. ఉదయ మొకరు తెచ్చియిచ్చిన గ్రంథమును సాయంకాలము వేరొకరు గొనిపోయిరనుకొందము. తారుమారుగ నెక్కించినచో, పాఠకుని యింటనున్న గ్రంథము బీరువాలో నున్నట్లు లెక్క చూపును. ఉద్యోగపు దరఖాస్తుకు గడువు ముగియు దినమున వచ్చిన యువకునికి, నెట్టు నడచుచున్న సమీప స్థలమేదో విచారించి చెప్పుటయు గ్రంథపాలకుని ధర్మమే.

లెక్కకు మూడు ప్రతులుండవలెను. అవి రెండు విధములైన సాధనములపై నుండవలెను. వానిలో నొకటి వేరొక ఊర, నెట్టుతో సంబంధము లేక యుండవలెను. గోదావరి పాయల నడుమ నున్న మనకు ఆ ప్రతి ఏటి కావల నుండుట మేలు.

2023 అక్టోబరులో లండనులోని బ్రిటిష్ లైబ్రరీ యంత్రములలోనికి దుండగులు నెట్టుద్వారా చొరబడి, వానిని పాడుచేసి సొమ్మడిగిరి, గ్రంథాలయ మీయలేదు. ప్రధాన పట్టిక 2024 జనవరి వరకు నెట్టులో పాఠకులకు కానరాలేదు. గ్రంథసంచయపు ప్రతులు భద్రముగనే యుండెను. వానిని తిరిగి నెలకొల్పుటకు తగిన యంత్రములు లేక జాప్యము కలిగెను. అందువలన ప్రతి యుండుట చాలదు. మూడు నెలలకొకసారి దానిని వేరొక యంత్రముపై తెరచి చూడవలెను.

1960 నాటి చట్టము ననుసరించి మనము ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు చెల్లించుచున్నాము. కనుక ఈసారి గ్రంథాలయమునకు వెళ్లినపుడు మూడు సంగతులు మర్యాదగా విచారింపుడు: కాగితపు పట్టిక కలదా? లెక్క ప్రతి వేరొక చోట నున్నదా? దానిని కడపట నెన్నడు తెరచి చూచిరి? జవాబు సరిగా రానిచో, తుపానుల కాలము రాకమున్నే ఆ పని జరుగునట్లు చూచుట గ్రామపెద్దల బాధ్యత.