విశ్వవిద్యాలయంలో తొలి వారం విలువైనది

"పాఠాలు మొదలైన తరువాత పంపుదాములే, అంతవరకు పొలం పనికి అక్కరకు వస్తాడు" అనే మాట మన సరిహద్దు గ్రామాలలో తరచుగా వినబడుతుంది. ఇంటిలో తొలిసారిగా పై చదువుకు వెళ్ళే బిడ్డకు ఈ ఆలోచన మేలు చేయదు.

చేరిన తొలి రోజులలో జరిగే పరిచయ కార్యక్రమం కేవలం లాంఛనం కాదు. సాంకేతిక కళాశాలలలో మూడు వారాల కార్యక్రమాన్ని అఖిల భారత సాంకేతిక విద్యా మండలి 2017లో ప్రవేశపెట్టింది. 2019లో యూజీసీ 'దీక్షారంభ్' పేరిట ఉన్నత విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది.

ఈ రోజులలో విద్యార్థి శ్రద్ధ వహించవలసిన విషయాలు కొన్ని ఉన్నవి.

మొదటిది భాష. హోసూరు బిడ్డ చెన్నైకి వెళ్ళినా, బళ్ళారి బిడ్డ బెంగుళూరుకు వెళ్ళినా, భాషా పాఠ్యాంశంగా తెలుగు తీసుకొనే వీలున్నదా అని వెంటనే విచారించాలి. గడువు దాటిన పిదప మార్పు కష్టం.

రెండవది ఉపకార వేతనం. పొరుగు రాష్ట్రంలో చదివే ఎస్సీ విద్యార్థికి పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనం ఇచ్చేది స్వరాష్ట్రమే. కనుక దరఖాస్తు అక్కడే చేయాలి. కళాశాల నుండి కావలసిన ధ్రువపత్రాలను ముందుగానే అడగాలి.

మూడవది అసలు సర్టిఫికెట్లు. వాటిని పరిశీలించి వెంటనే తిరిగి ఇవ్వాలని, తమవద్ద ఉంచుకొనరాదని యూజీసీ 2018లో స్పష్టం చేసింది.

నాలుగవది ర్యాగింగు. 2009 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం అది నిషిద్ధం. ఫిర్యాదుకు 1800-180-5522 అనే ఉచిత ఫోను సంఖ్య రాత్రింబవళ్ళు పనిచేస్తుంది. ఈ సంఖ్యను తల్లిదండ్రులు కూడా వ్రాసి ఉంచుకోవాలి.

ఇక గ్రంథాలయ కార్డు, పాఠ్యప్రణాళిక, హాజరు నియమాలు తొలి వారంలోనే తెలుసుకోవాలి. కనీసం ఒక అధ్యాపకునితోనైనా పరిచయం పెంచుకోవాలి. తెలుగువారితోనే కూడి ఉండక ఇతరులతోనూ కలవాలి. ఇంట ఒక భాష, అంగడిలో మరొక భాష మాట్లాడుతూ పెరిగిన మన పిల్లలకు ఇది కొత్త విద్య కాదు.

తల్లిదండ్రులారా! ఆ వారం రోజులు పొలం పని కొంత ఆగినా నష్టం లేదు. బిడ్డను తొలి రోజునే పంపండి.