సైలెన్సర్ పీకేస్తే పాత బైక్‌కు పికప్ పెరుగుతుందా? ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా ఒక లెక్క

కొత్త ఇయర్‌బడ్స్ కొని నెల కూడా కాలేదు, అప్పుడే సౌండ్ తగ్గిపోయిందా? మొదట్లో సగం వాల్యూమ్ సరిపోయేది, ఇప్పుడు ముప్పావు దాకా పెంచితే గానీ పాట సరిగ్గా వినబడటం లేదా? రీసెట్ చేశారు, ఇయర్ టిప్స్ మార్చారు, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కూడా చేసేశారు. ఒక్క ప్రశ్న అడుగుతాం, ఏమీ అనుకోవద్దు. మీ బండికి సైలెన్సర్ ఉందా?

జోక్ కాదు. ఈ రెండింటికీ సంబంధం ఉంది. ముందు బండి సంగతి చూసి, తర్వాత చెవుల దగ్గరికి వద్దాం.

ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఏ మెకానిక్ షెడ్డు దగ్గర కాసేపు నిలబడినా ఒక మాట వినబడుతుంది: "సైలెన్సర్ తీసేయ్ అన్నా, పికప్ వస్తాది." అడిగేది ఎక్కువగా నాన్న కాలం నాటి బండి చేతికొచ్చిన కుర్రాళ్లే. ఆర్‌ఎక్స్ 100, సీడీ 100, తొలి స్ప్లెండర్ లాంటివి. అయితే అందరూ స్టైల్ కోసమే తీయరు. చాలా బండ్లకు అది తుప్పు పట్టి, చిల్లు పడి, ఒకరోజు గతుకులో ఊడిపోతుంది. కొత్తది కొనేదాకా ఇలాగే నడుపుదాం అనుకుంటారు. ఆ "కొనేదాకా" ఒక్కోసారి ఏడాది అవుతుంది.

అసలు అది ఎందుకు కుళ్లుతుంది?

ఇది చాలామందికి తెలియని విషయం. ఒక లీటరు పెట్రోల్ మండితే సుమారు ఒక లీటరు నీళ్లు పుడతాయి. అవును, నీళ్లే. పెట్రోల్‌లోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఆవిరి అవుతుంది. ఆగకుండా 30 కిలోమీటర్లు పోతే సైలెన్సర్ బాగా వేడెక్కి, ఆ ఆవిరంతా బయటికి పోతుంది. ఇంటి నుంచి టీ కొట్టుకు, టీ కొట్టు నుంచి మార్కెట్‌కు అని రెండేసి కిలోమీటర్లు తిప్పితే పైపు వేడెక్కేలోపే బండి ఆగిపోతుంది. ఆవిరి లోపలే చల్లబడి నీళ్లయి, అడుగున చేరుతుంది. పైన క్రోమ్ మెరుస్తూనే ఉంటుంది, లోపల రేకు కరిగిపోతుంటుంది. కొన్ని సైలెన్సర్ల అడుగున సన్నని రంధ్రం ఉండేది ఆ నీళ్లు కారడానికే. దాన్ని చిల్లు అనుకుని ఎంసీల్ పెట్టి మూసేసేవాళ్లు ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి.

టూ స్ట్రోక్ బండ్ల కథ వేరు. పెట్రోల్‌తో పాటు ఆయిల్ కూడా మండుతుంది కాబట్టి సైలెన్సర్ చివర ఉండే బ్యాఫిల్ పైపు మసితో పూడుకుపోతుంది. బండి లాగదు. ఆ పైపును బయటికి తీసి, మసి కాల్చి, శుభ్రం చేసి మళ్లీ పెడితే సరిపోతుంది. కానీ తీసినప్పుడు బండి ఒక్కసారిగా తేలికపడినట్టు అనిపించి, "ఇది లేకపోతేనే బాగుంది" అని పక్కన పడేస్తారు. నిజానికి బాగుపడింది మసి పోయినందుకు, పైపు పోయినందుకు కాదు.

పికప్ సంగతి

టూ స్ట్రోక్ బండికి సైలెన్సర్ అంటే శబ్దం తగ్గించే డబ్బా మాత్రమే కాదు, అది ఇంజిన్‌లో ఒక భాగం. ఆర్‌ఎక్స్ 100నే తీసుకోండి. మన దేశంలో 1985లో వచ్చి, 1996 దాకా తయారైంది. 98 సీసీకి సుమారు 11 హార్స్‌పవర్. అదే కాలం నాటి ఫోర్ స్ట్రోక్ సీడీ 100కు 97 సీసీ ఉన్నా దాని పవర్ సుమారు 7 మాత్రమే. టూ స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకూ ఒకసారి పెట్రోల్ మండుతుంది, ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకు ఒకసారి. తేడాకు మొదటి కారణం అది. రెండోది పైపు ఆకారం.

టూ స్ట్రోక్‌కు వాల్వులు ఉండవు. కాలిన పొగ బయటికి పోయే దారి, కొత్త పెట్రోల్-గాలి మిశ్రమం లోపలికి వచ్చే దారి కాసేపు రెండూ తెరిచే ఉంటాయి. అప్పుడు కొత్త మిశ్రమం కొంత పొగతో పాటే జారిపోతుంది. దీన్ని ఆపేది పైపే. పొగ బయటికి దూకినప్పుడు ఒక ప్రెషర్ అల పుడుతుంది. పైపు వెడల్పయ్యే చోట ఆ అల వెనక్కి తిరిగి పొగను లాగుతుంది. మళ్లీ సన్నబడే చోట ఇంకో అల వెనక్కి వచ్చి, జారిపోబోతున్న మిశ్రమాన్ని సిలిండర్‌లోకి నెడుతుంది. తలుపు మూసుకునే ముందు లోపలికి ఒక తోపు తోసినట్టు. మొత్తం సైలెన్సర్ పీకేస్తే ఆ తోపు ఉండదు. జారిపోయిన పెట్రోల్ కాలకుండానే గాలిలో కలుస్తుంది. పవర్ తగ్గుతుంది, మైలేజ్ తగ్గుతుంది, శబ్దం మాత్రం పెరుగుతుంది.

ఫోర్ స్ట్రోక్‌లో నష్టం ఇంత సూటిగా ఉండదు. బెండ్ పైపు ఉంచి సైలెన్సర్ మాత్రమే తీస్తే పొగ కాస్త తేలిగ్గా పోతుంది. కానీ కార్బ్యురేటర్ జెట్లు ఆ సైలెన్సర్‌ను లెక్కలో పెట్టుకుని కంపెనీ ఇచ్చినవి. ఇప్పుడు గాలి ఎక్కువై, పెట్రోల్ తక్కువై, మిశ్రమం పల్చబడుతుంది. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్6 బండ్లలో సెన్సర్ చూసి ఈసీయూ కొంతవరకు సర్దుకుంటుంది. మీ పాత కార్బ్యురేటర్‌కు ఆ తెలివి లేదు. ఇంజిన్ ఎక్కువ వేడెక్కుతుంది. ప్లగ్ విప్పి చూడండి: కాఫీ రంగులో ఉంటే సరిగ్గా మండుతోంది, తెల్లగా ఉంటే మిశ్రమం పల్చబడింది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు వచ్చే "టప్ టప్" కూడా ఎవరో పెట్టిన స్పెషల్ ఎఫెక్ట్ కాదు. బయటి గాలి పైపులోకి చేరి, కాలకుండా మిగిలిన పెట్రోల్ అక్కడ పేలడం.

వాల్వులు మర్నాడే కాలిపోతాయని భయపెట్టేవాళ్లూ ఉన్నారు. అంత తొందరగా ఏమీ జరగదు. కానీ ఆదోని మే నెల ఎండలో, గాలితో చల్లబడే పాత ఇంజిన్‌ను పల్చని మిశ్రమంతో రోజూ తిప్పడం దాని ఆయుష్షు మీద పందెం కాయడమే.

మరి అందరికీ పికప్ పెరిగినట్టు ఎందుకు అనిపిస్తుంది? శబ్దాన్ని మెదడు వేగంగా లెక్కేస్తుంది. కావాలంటే ఫోన్‌తో చూడండి. ఇప్పటికే సైలెన్సర్ లేకుండా తిరుగుతున్నవాళ్లు ఖాళీ రోడ్డు మీద జీపీఎస్ స్పీడోమీటర్ యాప్‌లో 0 నుంచి 50కి ఎంతసేపు పడుతోందో ఒకసారి రాసిపెట్టుకోండి, సైలెన్సర్ బిగించాక అదే రోడ్డు మీద మళ్లీ చూడండి. చాలా ఫోన్లలో జీపీఎస్ సెకనుకు ఒకసారే అప్‌డేట్ అవుతుంది కాబట్టి ఒక్క రన్‌తో తేల్చకుండా మూడేసి రన్‌ల సగటు తీయండి. పాత బండి మీటర్ కేబుల్‌ను మాత్రం నమ్మకండి.

ఇప్పుడు చెవుల లెక్క

ఆదోని నుంచి ఎమ్మిగనూరు సుమారు 30 కిలోమీటర్లు. పాత బండి మీద ముప్పావుగంట అనుకోండి.

డెసిబెల్ లెక్క మామూలు లెక్క కాదు. 10 పెరిగితే శబ్దశక్తి 10 రెట్లు, 20 పెరిగితే 100 రెట్లు. మన దేశంలో 2005 నుంచి అమల్లోకి వచ్చిన పరిమితుల ప్రకారం 80 నుంచి 175 సీసీ బైక్ 77 డెసిబెల్స్ దాటకూడదు. అది కూడా పక్కనుంచి పోతున్న బండిని ఏడున్నర మీటర్ల దూరంలో మైక్ పెట్టి కొలిచినప్పుడు. నడిపేవాడి చెవి పైపుకు అంత దూరంలో ఉండదు కదా. సైలెన్సర్ లేని బండి మీద కూర్చున్నవాడి చెవి దగ్గర 100 దాటడం పెద్ద విశేషమేమీ కాదు.

అమెరికాలో ఉద్యోగుల ఆరోగ్య భద్రత చూసే నియాష్ సంస్థ సిఫార్సు ఇది: 85 డెసిబెల్స్ అయితే రోజుకు 8 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు టైమ్ సగం. 88కి 4 గంటలు, 91కి 2, 94కి గంట, 97కి అరగంట. 100కి 15 నిమిషాలు. అంటే 100 దగ్గర ఎమ్మిగనూరు చేరేసరికి రోజు కోటాకు మూడు రెట్లు అయిపోతుంది. సాయంత్రం తిరిగొస్తే ఆరు రెట్లు.

దిగాక చెవిలో "కుయ్" మంటుంది, మాటలు దూది అడ్డం పెట్టినట్టు వినిపిస్తాయి. పొద్దునకు సర్దుకుంటుంది, మనం మర్చిపోతాం. రోజూ ఇదే జరిగితే లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని రోమ కణాలు చచ్చిపోతాయి. అవి మళ్లీ మొలవవు. ముందు పోయేది 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉండే సన్నని శబ్దాలు. పాటలో తాళాల మోత మసకబారుతుంది, ఫోన్‌లో 'స', 'ష' తేడా తెలియదు. బేస్ మాత్రం బాగానే వినబడుతుంది కాబట్టి చెవి బాగుందనే అనుకుంటాం. తప్పు ఇయర్‌బడ్స్ మీద పడుతుంది, వాల్యూమ్ పెరుగుతుంది, ఆ వాల్యూమ్ మిగిలిన కణాలను కూడా తినేస్తుంది.

బండి మీద ఏఎన్‌సీ బడ్స్ పెట్టుకుంటే సరిపోదా అని అడిగేవాళ్లు ఉంటారు. వద్దు. వెనక లారీ హారన్ వినబడక పోయే ప్రాణం ఇంకా ఖరీదైనది.

ఇది మీ చెవుల ఒక్కదాని లెక్క. ఎమ్మిగనూరు చేనేత ఊరు, 1938లో మాచాని సోమప్ప అక్కడ నేతన్నల సహకార సంఘం మొదలుపెట్టారు. మగ్గం ఇంట్లోనే ఉన్నవాళ్లకు అదే పని చేసే చోటు, అదే పడుకునే చోటు. నివాస ప్రాంతాల్లో రాత్రి శబ్ద పరిమితి 45 డెసిబెల్స్. ఇరుకు సందులో గోడల మధ్య మీ బండి ఒక్కసారి పోతే ఆ సందులో పసిపిల్ల ఉన్న ఇంట్లో అందరికీ తెలుస్తుంది.

పత్తి దగ్గర మరీ జాగ్రత్త

ఆదోని అంటే పత్తి మార్కెట్. సీజన్‌లో యార్డు చుట్టూ, జిన్నింగ్ మిల్లుల దారిలో దూది పింజలు గాలిలో తేలుతుంటాయి. సైలెన్సర్ లోపలి అరలు శబ్దంతో పాటు నిప్పురవ్వలను, మంటను కూడా లోపలే ఆపుతాయి. అది లేని బండి "టప్" మన్నప్పుడు పైపు నోట్లో ఒక్కోసారి మంట కనబడుతుంది. పక్కన పత్తి బోరెం ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. వెనక కూర్చున్నవాళ్ల చీర కొంగు, చున్నీ, పిక్క కూడా ఆ వేడికి దగ్గరే. కొన్ని మోడళ్లలో సెంటర్ స్టాండ్ ఆగేది సైలెన్సర్‌కు ఉన్న స్టాపర్ మీదే, అది తీసేస్తే స్టాండ్ పైకి పోయి చైన్‌కు తగులుతుంది.

చట్టం సంగతి క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు ఉల్లంఘిస్తే మొదటిసారి 3 నెలల దాకా జైలు లేదా రూ.10,000 దాకా జరిమానా లేదా రెండూ, పైగా 3 నెలలు లైసెన్స్ రద్దు. విశాఖలో పోలీసులు 2022లో పట్టుకున్న సైలెన్సర్లను వందల కొద్దీ రోడ్డు మీద పరిచి రోడ్ రోలర్‌తో తొక్కించారు. పాత బండ్లకు ఇంకో చిక్కు ఉంది. 15 ఏళ్లు నిండితే ఆర్సీ రెన్యువల్‌కు బండిని చూపించాలి, ఆ తర్వాత ప్రతి 5 ఏళ్లకూ. సైలెన్సర్ లేకుండా అక్కడికి వెళ్లడం దండగ. పొల్యూషన్ చెక్‌లో గొట్టం పెట్టడానికైనా ఒక పైపు కావాలి కదా.

చిల్లు చిన్నదైతే గ్యాస్ వెల్డింగ్‌తో రేకు ముక్క అతికించవచ్చు. అడుగంతా మెత్తబడితే అతుకులు నిలవవు, కొత్తదే వేయండి. బిగించేటప్పుడు ఇంజిన్ హెడ్ దగ్గరి గాస్కెట్ కూడా కొత్తది వేయించండి, పాతది వేస్తే అక్కడ లీకై మళ్లీ "టప్ టప్" మొదలవుతుంది.

బిగించే ముందు, బిగించాక షెడ్డులోనే సౌండ్ మీటర్ యాప్‌తో కొలిచి చూడండి. ఐఫోన్ వాళ్లకు నియాష్ ఉచితంగా ఇచ్చే యాప్ ఉంది. ఆండ్రాయిడ్‌లో ఏ యాప్ అయినా 'ఏ వెయిటింగ్' పెట్టుకోండి. ఫోన్ మైక్ మాటల కోసం చేసినది, పెద్ద శబ్దాన్ని తనే తగ్గించి చూపిస్తుంది. కాబట్టి అంకెను నమ్మకుండా రెండు అంకెల మధ్య తేడా చూడండి. ఫోన్ ఒకే చోట, ఒకే దూరంలో ఉండాలి, గాలి తగలకూడదు. ఇక శాంసంగ్ వాడేవాళ్లు సెట్టింగ్స్‌లో 'అడాప్ట్ సౌండ్' తెరిచి, నిశ్శబ్దంగా ఉన్న గదిలో బీప్‌లు ఒక్కో చెవికి వినండి. అది డాక్టర్ చేసే పరీక్ష కాదు. కానీ సన్నని బీప్‌లు ఒక చెవికి అస్సలు వినబడకపోతే ఇయర్‌బడ్స్ వారంటీ క్లెయిమ్ ఆపి, ముందు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర ఆడియోమెట్రీ చేయించుకోండి.