నీళ్లు బాగున్నాయంటోంది... కిట్ మాట నమ్మొచ్చా?

డ్రాయింగ్ రూంలో అద్దాల తొట్టి, అందులో నారింజ ఒంటి మీద తెల్ల చారలతో క్లౌన్ చేపలు... చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉంటాయో! కానీ గోల్డ్‌ఫిష్‌ని పెంచినంత సులువు కాదు ఉప్పునీటి చేపల్ని పెంచడం. ఉప్పు సరిపోయిందా, అమ్మోనియా చేరిందా, నైట్రేట్ పెరిగిందా అని తరచూ నీళ్లు పరీక్షించుకోవాల్సిందే. ముచ్చటపడి తెచ్చేది ఎవరైనా, ఈ పని చివరికి ఎవరి మీద పడుతుందో వేరే చెప్పాలా?

గాజు గొట్టంలో నీళ్లు పోసి, కిట్‌లోని మందు చుక్కలు వేసి, వచ్చిన రంగును కార్డుతో పోల్చుకుంటాం. 'అమ్మోనియా సున్నా' అని తేలితే నిశ్చింతగా నిద్రపోతాం. తెల్లారేసరికి చేప పైకి తేలిందనుకోండి... లోపం చేపలోనా, నీళ్లలోనా, కిట్‌లోనా? మూడోది చాలామందికి తట్టనే తట్టదు. సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది. అందుకే అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం మంచినీటి తొట్టిలో కంటే ఇక్కడ ఎక్కువ. కాలం చెల్లిన కిట్ చూపించే సున్నా ఎంత ప్రమాదమో ఆలోచించండి. బాగా చూసుకుంటే పదేళ్లకు పైగా బతికే చేప అది!

మరి కిట్ నిజం చెబుతోందో లేదో తెలిసేదెలా? జవాబు ముందే తెలిసిన నీళ్లను దానికిచ్చి చూడటమే. ఆ నీళ్లు వంటింట్లోనే తయారవుతాయి.

ముందు డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి. బ్యాటరీల్లో పోసేందుకు అమ్ముతారే, అదే. ఇంట్లోని ఆర్‌వో నీళ్లు దీనికి అంతగా పనికిరావు. చాలా మెషీన్లలో రుచి కోసం కొంత మామూలు నీరు కలుస్తుంది. ఈ డిస్టిల్డ్ నీటికి అమ్మోనియా, నైట్రేట్ పరీక్షలు చేస్తే సున్నా రావాలి. రాలేదంటే కిట్‌నో, సరిగ్గా కడగని గొట్టాన్నో అనుమానించాలి.

వంటసోడాతో...

పీహెచ్ ఒక్కసారిగా పడిపోకుండా కాపాడే గుణమే ఆల్కలినిటీ. సముద్రపు నీటిలో ఇది సుమారు 7 డిగ్రీలు. కిట్ తప్పుగా తక్కువ చూపిస్తే మనం మందు మీద మందు పోస్తూ పోతాం. (పగడాలు పెంచేవాళ్లకు విదేశాల్లో ఇది నిత్యం కావలసిన లెక్క. మన దేశంలో మాత్రం రీఫ్ పగడాలను 2001లోనే వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. ఎవరైనా అమ్మజూపినా కొనకండి.)

42 గ్రాముల వంటసోడాను డిస్టిల్డ్ నీటిలో కరిగించి, మొత్తం ఒక లీటరు చేయండి. సూది లేని సిరంజితో అందులోంచి 6 మిల్లీలీటర్లు తీసి, మరో లీటరు డిస్టిల్డ్ నీటిలో కలపండి. దీని ఆల్కలినిటీ 8.4 డిగ్రీలు. మీ కిట్ 8 అన్నా, 9 అన్నా ఫరవాలేదు. 6 అనో 11 అనో అంటే మాత్రం ఆ సీసా చెత్తబుట్టలోకే! సోడా కొత్త ప్యాకెట్‌దై ఉండాలి. బేకింగ్ పౌడర్ మాత్రం వద్దు, అందులో ఆమ్లం, పిండి కలిసి ఉంటాయి.

ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌కూ ఇదే చిట్కా. ఉత్త నీటితో సున్నా సరిచేసినంత మాత్రాన పైన కూడా సరిగ్గా చూపిస్తుందన్న భరోసా లేదు. 73 గ్రాముల మెత్తటి పొడి ఉప్పును 1927 గ్రాముల డిస్టిల్డ్ నీటిలో కరిగించి చుక్క వేస్తే 35 దగ్గర ఆగాలి. రాళ్లుప్పులో తేమ ఉంటుంది, లెక్క తప్పుతుంది.

నైట్రేట్‌కు ఎరువుల కొట్లో దొరికే 13-0-45 చాలు. 17 గ్రాములు లీటరు డిస్టిల్డ్ నీటిలో కరిగించి, అందులోంచి 2 మిల్లీలీటర్లు మరో లీటరులో కలిపితే సుమారు 20 పీపీఎం. కిట్ నాలుగో అయిదో చూపిస్తే కంగారుపడి పారేయకండి! కొన్ని కిట్లు నైట్రేట్‌ని కాక అందులోని నైట్రోజన్‌ని మాత్రమే చూపిస్తాయి. దాన్ని 4.4తో హెచ్చవేసుకోవాలి. ఈ తేడా తెలియక పోట్లాడుకునేవాళ్లు ఎందరో.

అమ్మోనియాకు ఇంత లెక్క అక్కర్లేదు. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్లు వాడే నవాసారం రెండు పలుకులు గ్లాసుడు నీళ్లలో వేయండి. పసుపు నుంచి ఆకుపచ్చకు మారే రకం కిట్ అయితే చిక్కటి ఆకుపచ్చ రావాలి. పసుపుగానే ఉండిపోయిందా, కిట్ పని అయిపోయినట్టే.

ఒక్కోసారి తప్పు కిట్‌ది కాదు, మన చేతిది. సీసాను వాలుగా పట్టుకుంటే చుక్క సైజు మారిపోతుంది. నిట్టనిలువుగా పట్టుకోవాలి. నైట్రేట్ కిట్లలో అడుగున పేరుకునే మందును గట్టిగా కుదపకపోతే ఫలితం తక్కువగా వస్తుంది. రంగును ట్యూబ్‌లైట్ కింద కాక, పగటి వెలుగులో, వెనుక తెల్ల కాగితం పెట్టి చూడండి. సీసా మూత తీసిన తేదీని దాని మీదే రాసి పెట్టుకోండి. స్టవ్ పక్కన, కిటికీ ఎండలో కిట్లు పెట్టొద్దు.

పరీక్ష కోసం కలిపిన నీళ్లేవీ తొట్టిలో పోయకూడదు. సోడా, ఉప్పు వంటింటి సరుకులే కానీ ఎరువు, నవాసారం అలా కాదు. వాటికి విడిగా గ్లాసు, చెంచా పెట్టుకుని, సీసాల మీద పేర్లు రాసి, పిల్లల చేతికందని చోట దాచండి.