ఇటాలియను పలుకు - తుది అచ్చులోని మర్యాద

తెలుగును తూర్పుదేశపు ఇటాలియను అని పాశ్చాత్యులు కొనియాడిరను మాట మన శ్రోతలు పలుమారు వినియేయుందురు. రెండు భాషలలోను మాటలు తరచుగా అచ్చుతో ముగియుటయే యీ పోలికకు ఆధారము. అయితే ఇటాలియనులో ఆ కడపటి అచ్చు కేవలము మాధుర్యమునకై యున్నది కాదు. అర్థమును, మర్యాదయు దానియందే యిమిడియున్నవి. చదువునకో ఉద్యోగమునకో ఇటలీ వెళ్లు మన యువతీయువకులు దీనిని గుర్తింపనిచో, మంచి మాట పలుకుచునే ఎదుటివారి మనసు నొప్పింపవచ్చును.

మొదట ఉచ్చారణమును చూతము. 'రగత్సొ' యనిన బాలుడు, 'రగత్సి' యనిన బాలురు. 'రగత్స' బాలిక, 'రగత్సె' బాలికలు. కనుక తుది అచ్చును మ్రింగివేయరాదు. ఇందలి 'త్స' ధ్వని మన చాప, చుక్క అను మాటలలోని దంత్య చకారమును ఒత్తి పలికినట్లుండును. ద్విత్వమునందును మన చెవికి అభ్యాసము కలదు. 'పాల' యనిన పార, 'పల్ల' యనిన బంతి. 'సేతె' దప్పిక, 'సెత్తె' ఏడు. కల, కల్ల అను మాటలను వేరుగా వినగల మనకు ఇది కష్టము కాదు. కష్టమైనది ఊనిక. 'పార్లొ' అను మాటలో మొదటి అక్షరమును ఊనిక పలికిన 'నేను మాటలాడుదును' అనియు, తుది అక్షరమును ఊనిక పలికిన 'అతడు మాటలాడెను' అనియు అర్థము. తెలుగున ఊనిక యిట్లు అర్థమును మార్చదు గనుక దీనిని చెవితోనే నేర్వవలెను.

ఇక మర్యాద. చెలికానిని 'తు' అందురు, అనగా నీవు. పరిచయము లేనివారిని, పెద్దలను 'లేయి' అందురు. ఈ మాటకు మరియొక యర్థము 'ఆమె'. పురుషునితో మాటలాడునప్పుడును ఇదియే. క్రియయు ప్రథమపురుషలోనే యుండును. మన 'తమరు' అను మాటయు 'తాను' అను ప్రథమపురుష నుండి వచ్చినదే కదా! అయినను, మన 'మీరు'నకు సరియని తలచి, బహువచనమైన 'వోయి'ని ఒక్కరియెడ వాడుట మనవారికి సహజముగా తోచును. దక్షిణ ఇటలీలో పెద్దలయెడ అట్లు పలుకుట నేటికిని కొంత కలదు. కాని 1938లో ముస్సోలినీ ప్రభుత్వము 'లేయి'ని మాన్పించి 'వోయి'ని నిర్బంధింపజూచెను. ఆ ప్రభుత్వము కూలిన పిదప 'లేయి'యే నిలిచినది.

త్రోవలో ఒకరిని ఆపి దారి అడుగునపుడు 'స్కూజి' యనిన 'క్షమింపుడు', 'స్కూజ' యనిన 'క్షమించు'. భేదము ఒక్క అచ్చే. మన చెవికి అశుభముగా తోచు 'చావొ' అను పలుకరింపు, 'నీ దాసుడను' అను వెనీసు మాట నుండి పుట్టినది. నేడు దానిని చనువు గలవారియెడనే వాడుదురు. దుకాణమున అడుగిడినపుడు 'బువొన్ జోర్నొ' అనుట మర్యాద. 'లేయి' విడిచి 'తు'నకు దిగుదమని పెద్దవారు చెప్పువరకు చిన్నవారు వేచియుండుట మంచిది.

ఇటలీ 1861లో ఏకమైననాడు ఇటాలియను మాటలాడగలవారు నూటికి ముగ్గురైనను లేరని భాషావేత్త తుల్లియో దె మౌరో 1963లో అంచనా వేసెను. తక్కినవారి నోట ప్రాంతీయ భాషలే యుండెను. 1960 నుండి 1968 వరకు ఆల్బెర్తో మాంజీ యను ఉపాధ్యాయుడు టెలివిజనులో నిరక్షరులైన వయోజనులకు చదువు చెప్పెను. ఇటలీవారిలోనే ఎందరో ఈ భాషను విని నేర్చుకొనిరి. నేడు అచ్చటి రేడియో ప్రసారములను ఇంటర్నెటు ద్వారా మన యింటనే వినవచ్చును. దినమునకు పది నిమిషములు విని, వినిన వాక్యమును వినినట్లే పైకి పలుకుడని మా మనవి. అర్థము పిమ్మట నిఘంటువులో దొరకును; పలుకు తీరు మాత్రము అందు దొరకదు.