గట్టు రాయి, విమోచకుడు: సామెతలు 22–24 అధ్యాయములలో జ్ఞానాన్వేషణ, ఆత్మీయ ఎదుగుదల

ఆత్మీయ ఎదుగుదలను గూర్చి మాట్లాడునప్పుడు మనము సాధారణముగా ప్రార్థన, వాక్యధ్యానము, ఉపవాసము, సహవాసము అను మాటలు వాడుదుము. జ్ఞానము అను మాట అంతగా వాడము. వాడినను "లోకజ్ఞానము" అని హెచ్చరికగానే వాడుదుము. 1 కొరింథీయులకు వ్రాసిన పత్రికలోని మొదటి రెండు అధ్యాయములు మన ప్రసంగములలో అంత లోతుగా నాటుకొన్నవి. అయితే అదే బైబిలులో సామెతలు, యోబు, ప్రసంగి గ్రంథములు ఉన్నవి. జ్ఞానము కొదువగా ఉన్నవాడు దేవుని అడుగవలెనని యాకోబు తన పత్రిక ఆరంభములోనే చెప్పుచున్నాడు (1:5). అడుగుమని ఆజ్ఞాపించబడిన దానిని అనుమానముతో దూరముగా ఉంచుట సరియేనా?

ఇది తరగతి గదిలో తేలిపోవు ప్రశ్న కాదు. మన సంఘస్థులు ఉదయము ఫోను తెరిచినది మొదలు సలహాల మధ్యనే జీవించుచున్నారు. వ్యక్తిత్వ వికాస ఉపన్యాసములు, పెట్టుబడి సూత్రములు, పిల్లల పెంపకము, ఆరోగ్య చిట్కాలు, వీటితోపాటు వాక్యము పేరుతో వచ్చు నానా బోధలు. ఆదివారము లోకజ్ఞానము వ్యర్థమని విని "ఆమేన్" అనుదురు, సోమవారము ఆ జ్ఞానముతోనే భూమి కొందురు, అప్పు తీసుకొందురు, బిడ్డకు సంబంధము చూచెదరు. రెండింటికి నడుమ వంతెన లేదు. ఆ వంతెన వేయు పని బైబిలులోనే జరిగినదని సామెతలు 22:17 నుండి 24:22 వరకు గల భాగము ఆధారముగా చూపుట మా ఉద్దేశము.

ఒక ఐగుప్తు అధికారి పుస్తకము

1888లో ఇ. ఎ. వాలిస్ బడ్జ్ అను పండితుడు బ్రిటిష్ మ్యూజియం కొరకు ఐగుప్తులో ఒక పపైరస్ చుట్టను సంపాదించెను. దాని పూర్తి పాఠము 1923లో ప్రచురింపబడినది. మరుసటి సంవత్సరమే జర్మన్ పండితుడు అడాల్ఫ్ ఎర్మాన్, ఆ పుస్తకములోని అనేక మాటలు సామెతలు 22, 23 అధ్యాయములతో ఆశ్చర్యకరముగా సరిపోవుచున్నవని చూపెను. ఆ పుస్తకము పేరు అమెనెమొపె ఉపదేశము. అమెనెమొపె పొలముల కొలతలు, ధాన్యపు లెక్కలు చూచిన అధికారి. మన భాషలో చెప్పవలెనంటే పూర్వపు కరణము చేయు పనికి దగ్గర పని. తన కడసారి కుమారునికి బుద్ధి చెప్పుచు 30 అధ్యాయములుగా దీనిని వ్రాసినట్లు ఉన్నది. ఇది సొలొమోను కాలమునకు ముందే పుట్టినదని పండితులలో ఎక్కువమంది అభిప్రాయము.

పోలికలు పైపై పోలికలు కావు. బీదవానిని దోచవద్దు అను మాట రెండింటిలో ఉన్నది. కోపిష్ఠివానితో స్నేహము వద్దు అను మాట ఉన్నది. పొలిమేర రాయి జరుపవద్దు అను మాట ఉన్నది. సంపద రెక్కలు కట్టుకొని ఆకాశమునకు ఎగిరిపోవునను ఉపమానము ఉన్నది. ఐగుప్తు రచనలో ఎగిరినవి పెద్ద బాతులు, సామెతలలో (23:5) పక్షిరాజు. సామెతలు 22:20లో హెబ్రీ మూలము కొంత కఠినముగా ఉన్నది. మన పాత అనువాదము అక్కడ "శ్రేష్ఠమైన" అను అర్థమును తీసుకొన్నది. అదే అక్షరములను స్వల్ప భేదముతో చదివినయెడల "ముప్పది" అను అర్థము వచ్చును. అమెనెమొపె 30 అధ్యాయములు తెలిసిన తరువాత అనేక ఆధునిక అనువాదములు ఈ రెండవ అర్థమునే ఎన్నుకొన్నవి.

ఇక్కడ కొందరు సేవకులు కలత చెందుదురు. అన్యుల మాట దైవప్రేరేపిత గ్రంథములోనికి ఎట్లు వచ్చును? ఈ కలతను మనము తేలికగా తీసివేయరాదు, ఎందుకనగా దాని వెనుక లేఖనముపై గౌరవము ఉన్నది. అయితే లేఖనము తన్నుగూర్చి తానే ఏమి చెప్పుచున్నదో చూడవలెను. సామెతలు 25:1 ప్రకారము హిజ్కియా సేవకులు పాత సామెతలను ఎత్తివ్రాసిరి. 31:1లోని మాటలు లెమూయేలు అను రాజుకు అతని తల్లి నేర్పినవి, ఇశ్రాయేలు రాజుల పట్టికలో అతని పేరు లేదు. లూకా తన సువార్తను విచారించి, పరిష్కరించి వ్రాసితినని చెప్పుచున్నాడు (1:1-4). పౌలు ఏథెన్సులో అరాటు అను గ్రీకు కవి మాటను ఎత్తి పలికెను (అపొ. కా. 17:28). ఆత్మ ప్రేరేపణ అనగా మనుష్యుల చేత విననీయక, వెదకనీయక, చదువనీయక పని చేయుట కాదు. వినుటలోను, ఏర్చుటలోను, కూర్చుటలోను ఆత్మ పని చేసెను. 1 రాజులు 4:30 సొలొమోను జ్ఞానమును తూర్పు దేశస్థుల జ్ఞానముతోను, ఐగుప్తీయుల జ్ఞానముతోను పోల్చి అధికమని చెప్పుచున్నది. బొత్తిగా విలువలేని దానితో పోల్చి అధికమనుటలో ఘనత ఏమున్నది?

తీసికొన్నదేమి, మార్చినదేమి

మా దృష్టిలో పోలికల కన్న భేదములే ముఖ్యము. గట్టు రాయి సంగతి చూడుడి. గట్టు జరుపుట ఎంత పాపమో తెలుగు గ్రామములలో పనిచేయు కాపరికి విడమరచి చెప్పనక్కరలేదు. ఏటేటా ఒక చాలు చొప్పున నాగలి అవతలికి పోవును. అడుగువాడు లేని విధవరాలి చేను మొదట తరుగును. అమెనెమొపె కూడ విధవరాలి హద్దును ప్రత్యేకముగా పేర్కొన్నాడు. హద్దు మీరినవానిని చంద్రుని శక్తి పట్టుకొనునని హెచ్చరించెను. ఐగుప్తీయులకు చంద్రుడు తోతు దేవతకు సంబంధించినవాడు, తోతు లెక్కలకు, కొలతలకు అధిపతి. లెక్క తప్పినవానిని లెక్కల దేవత పట్టుకొనును. ఆ లోకములో అది సమంజసమైన ఆలోచనయే.

సామెతలు 23:10-11 అదే హెచ్చరికను తీసికొని, చంద్రుని ఉన్న చోట మరియొకరిని నిలిపినది. తండ్రిలేనివారి విమోచకుడు బలవంతుడు, ఆయనే వారి పక్షమున వ్యాజ్యెమాడును. ఇక్కడి హెబ్రీ పదము గోయేల్. ఇది కుటుంబపు మాట. అన్యాక్రాంతమైన పొలమును విడిపించవలసిన దగ్గరి బంధువు గోయేల్ (లేవీ. 25:25). రూతు గ్రంథములో బోయజు చేసినది ఆ పనియే. యోబు తన విమోచకుడు సజీవుడని పలికినప్పుడు (19:25) వాడినదియు ఈ మాటయే. కనుక చేను పోయిన అనాథకు న్యాయము చేయువాడు ఆకాశములో లెక్కలు చూచు శక్తి కాదు, అతని సొంత బంధువు. ఐగుప్తు అధికారి గమనించిన నిజము చెడలేదు. దాని వెనుక నిలిచినవాడు మారెను, దానితో ఆ నిజము బరువు కూడ మారెను. బీదవానిని దోచుట విషయములోను ఇట్లే. 22:23లో యెహోవాయే వారి పక్షమున నిలుచుచున్నాడు.

ఈ సంకలనకర్త తన ఉద్దేశమును దాచలేదు. వినువాడు యెహోవాయందు నమ్మిక యుంచునట్లు ఇవి నేర్పుచున్నానని 22:19లోనే చెప్పెను. వచ్చిన ప్రతి మాటను ఈ నమ్మిక అను ద్వారమున లోనికి తెచ్చెను. దాని గుండ పోనిది బయటనే ఉండిపోయెను.

తెలుగు క్రైస్తవులకు ఈ పని కొత్త కాదు. పురుషోత్తమ చౌదరి (1803–1890) తెలుగు కీర్తన సంప్రదాయమును తీసికొని క్రీస్తును స్తుతించెను. నేటికిని మన సంఘములు ఆయన కీర్తనలు పాడుచున్నవి. సి. పి. బ్రౌన్ 1829లో అచ్చువేయించిన వేమన పద్యములను పాత తరము బోధకులు ప్రసంగములో ధారాళముగా వాడిరి. విగ్రహములను, కపట భక్తిని ఖండించు పద్యములు వారికి ఇష్టము. అయితే వారిలో కొందరు ఎదుటివాని మతమును కొట్టుటకే వేమనను వాడి, ఆ కొరడా తమ సంఘపు కపటమునకును తగులునని మరచిరని మా అభిప్రాయము. సామెతల సంకలనకర్త ఐగుప్తును ఎగతాళి చేయుటకు అమెనెమొపెను వాడలేదు, తన కుమారులను దిద్దుటకు వాడెను.

ఈ ద్వారము వద్ద నిలువబెట్టి నేటి వ్యక్తిత్వ వికాస బోధను పరీక్షింపవచ్చును. కాలమును వృథా చేయకుము, మాట జారకుము, సోమరివి కాకుము అనునంతవరకు దానిలో చీమను చూడుమన్న సామెత (6:6) ధ్వని ఉన్నది. దానిని తృణీకరింప నక్కరలేదు. నిన్ను నీవు నమ్ముకొనుము, నీ లోపలనే సమస్తము ఉన్నది అనునప్పుడు 22:19 తలక్రిందులైనది. విచారకరమైన సంగతి ఏమనగా, పనికివచ్చు మొదటి భాగమును విడిచి ఈ రెండవ భాగమునే విశ్వాసము అను పేరుతో బోధించు ప్రసంగములు నేడు అధికము. సంపద రెక్కలు కట్టుకొనునను మాట అట్టి ప్రసంగములలో వినబడదు.

అభ్యాసము లేని ఎదుగుదల

హెబ్రీయులకు 5:14 ప్రకారము పెద్దవారు అనగా మేలు కీడులను వివేచించుటకు జ్ఞానేంద్రియములను సాధకము చేసికొన్నవారు. అక్కడి గ్రీకు క్రియ గుమ్నాజో. వ్యాయామశాలకు గ్రీకులు పెట్టిన పేరు దీనికి సంబంధించినదే. ఒకరి బదులు మరియొకరు వ్యాయామము చేయలేరు. సొలొమోను అడిగినదియు సిద్ధమైన జవాబుల పట్టిక కాదు. 1 రాజులు 3:9లోని హెబ్రీ మాటకు "వినగల హృదయము" అని అర్థము.

మన ఆచారములు కొన్ని దీనికి ఎదురు నడచుచున్నవి. డిసెంబరు 31 రాత్రి వాగ్దానపు కార్డు తీయుట ఆదరణ కొరకైతే మాకు అభ్యంతరము లేదు. ఆ కార్డునుబట్టి ఇల్లు కట్టుటయో మానుటయో నిర్ణయించినప్పుడు అది చీటి వేయుటయే అగును. సేవకులకును ఈ శోధన మరియొక రూపములో వచ్చినది. నేడు కృత్రిమ మేధను అడిగినయెడల ఏ వాక్యభాగము మీదనైనను నిమిషములో తెలుగు ప్రసంగము వ్రాసి ఇచ్చును. అందులో సమాచారము సరిగానే ఉండవచ్చును. అయితే శనివారము రాత్రి వాక్యముతో పెనుగులాడి మనలో కలుగవలసిన సాధకము దానివలన మనకు కలుగదు. వ్యాఖ్యానగ్రంథమును వాడినట్లు దానిని వాడవచ్చునా? ప్రశ్నించుటకు, సరిచూచుటకు వాడవచ్చును. మన బదులు వినుటకు మాత్రము కాదు.

ఒక ఉదాహరణ తీసికొందము. విశ్వాసి యొకడు వచ్చి, బావమరిది చిట్టీ పాడుకొన్నాడు, హామీ సంతకము చేయమని అడుగుచున్నాడు, చేయనా అని అడిగెననుకొనుడి. సామెతలు 22:26-27 పూటపడవద్దని స్పష్టముగా చెప్పుచున్నది. చెల్లింప లేనియెడల క్రింది పరుపును కూడ తీసికొనిపోవుదురట. ఈ వచనము చూపి పంపివేయుట సులభము. కాని పౌలు ఒనేసిము అప్పును తన లెక్కలో వేయుమని తన చేతితో వ్రాసి ఇచ్చెను (ఫిలేమోను 18-19). ఆయన సామెతను మీరెనా? సామెత చట్టము కాదు. మూర్ఖునికి ప్రత్యుత్తరమియ్యకుమని ఒక వచనము, ఇమ్మని దాని ప్రక్క వచనము ఉన్న గ్రంథమిది (26:4-5). ఏది ఎప్పుడో తెలిసికొనుటయే జ్ఞానము.

అందుచేత కాపరి అతనిని అడుగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నవి. అతడు కట్టనియెడల నీవు కట్టగలవా? నీ భార్యకు ఈ సంగతి తెలియునా? ప్రేమతో చేయుచున్నావా, మొగమాటముతోనా? మన యిండ్లలో హామీ సంతకములు అనేకము మొగమాటముతో పడినవే. పౌలు నష్టమును ముందే లెక్కించి, తన సొత్తుగానే ఎంచి ఇచ్చెను. మొగమాటముతో సంతకము చేసినవాడు నష్టము రాదని ఆశపడుచు చేయును. ఈ భేదమును విశ్వాసి తానే కనుగొనినయెడల మరుసటిసారి కాపరి లేకుండనే నిర్ణయించుకొనగలడు. కాపరియే జవాబు చెప్పి పంపినయెడల ప్రతి చిట్టీకి మరల మరల వచ్చును. కొందరు కాపరులకు ఆ రాకయే ఇష్టము.

ఈ భాగమును సంఘ బైబిలు అధ్యయనములో 8 లేక 10 వారములు చదువుట సాధ్యమే. సేవకుడు ముందుగా హెబ్రీ పదములు వివరింప నక్కరలేదు. గట్టు వచనము చదువు వారము సర్వేయరుగానో, పంచాయతీ పెద్దగానో పనిచేసిన విశ్వాసి ఉన్నయెడల మొదట అతనిని మాట్లాడనియ్యవలెను. తరువాత చేను పోగొట్టుకొన్న విధవరాలిని, ఆమెకు ఇష్టమైతే. గోయేల్ అను పదము ఏమిటో చెప్పుటకు కాపరికి అప్పుడు సమయము దొరకును.