ముద్ద ప్రయాణం

చెరువులో మూతి పెట్టి ఆవు నీళ్ళు తాగడం చూశారా? తల కింద, పొట్ట పైన. అయినా నీళ్ళు వెనక్కి కారిపోవు, మెడలోంచి పైకెక్కి పొట్టలోకే చేరతాయి. 1984లో రాకేశ్ శర్మ అంతరిక్షంలో దాదాపు ఎనిమిది రోజులు ఉన్నారు. అక్కడ ఏ వస్తువూ కింద పడదు, గాలిలో తేలుతుంది. ఆయన తిన్న తిండి మాత్రం చక్కగా జీర్ణాశయానికే చేరింది. అంటే అన్నం బావిలో వేసిన రాయిలా లోపలికి పడిపోవడం లేదు. దాన్ని కండరాలు నెడుతున్నాయి.

ఎలాగో చూద్దాం. పాత మేజోడు ఒకటి తీసుకుని, వేళ్ళ వైపు కత్తిరించి, లోపల నిమ్మకాయ పెట్టండి. (అమ్మను అడిగి తీసుకోండి. మొన్న కొన్న యూనిఫారం మేజోడు వద్దు.) కాయకు వెనుక పిడికిలి బిగిస్తే కాయ ముందుకు జరుగుతుంది. పిడికిలి వదిలి, కాస్త ముందు మళ్ళీ బిగిస్తే మరికాస్త జరుగుతుంది. మన ఆహారవాహిక గోడలో రెండు వరుసల కండరాలు ఉంటాయి. లోపలివి గాజుల్లా చుట్టూ, బయటివి పొడవునా. ముద్దకు వెనుక గాజుల్లాంటి కండరాలు ముడుచుకుంటాయి, ముందు భాగం వదులై దారి ఇస్తుంది. ఈ బిగింపు అలలా కిందికి సాగుతుంది. సైన్సు పుస్తకంలో పెరిస్టాల్సిస్ అని ఉండేది ఇదే. పెద్దవాళ్ళలో ఆహారవాహిక సుమారు 25 సెంటీమీటర్లు. అది దాటడానికి ముద్దకు పది సెకన్లు చాలు.

1899లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక సంగతి చూపించారు. పేగుకు బయటి నుంచి వచ్చే నరాలను తెంచినా ఈ బిగింపు, సడలింపు ఆగలేదు. పేగు గోడలోనే సొంత నరాల వల ఉంది. అందుకే మింగేదాకానే మన ఇష్టం, మింగాక ముద్ద మన మాట వినదు.

మింగే ఆ క్షణంలో వాయునాళం మీద ఉపజిహ్విక అనే మూత పడుతుంది. నవ్వుతూ, మాట్లాడుతూ తింటే ఒక్కోసారి మూత ఆలస్యమై పొలమారుతుంది. అప్పుడు మన ఇళ్ళలో తల మీద తట్టి, ఎవరో తలుచుకుంటున్నారు అంటారు. అమ్మమ్మ ఊరికి రెండు రోజుల రైలు దూరంలో ఉండేవాళ్ళకు ఆ మాట నమ్మాలనే ఉంటుంది. మాకూ అంతే. కానీ అసలు కారణం మూతే.

జీర్ణాశయంలో నిమిషానికి సుమారు మూడు అలలు వస్తాయి. అవి ఆహారాన్ని చిలికి జావలా చేస్తాయి. ఆ జావ కొద్దికొద్దిగా ఆరు మీటర్ల చిన్నపేగులోకి దిగుతుంది. కడుపు ఖాళీ అయ్యాక కూడా పని ఆగదు. గంటన్నర, రెండు గంటలకు ఒకసారి గట్టి అలలు వచ్చి మిగిలినదాన్ని ఊడ్చేస్తాయి. మూడో పీరియడ్‌లో వినిపించే గుర్రుమనే చప్పుడు ఈ చీపురుదే. కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయని మనవాళ్ళు ఊరికే అనలేదు!

పెద్దపేగు నెమ్మదైనది. నీటిని పీల్చుకుంటూ, రోజుకు కొన్నిసార్లే పెద్ద తోపు ఇస్తుంది. అది ఎక్కువగా తిన్న తర్వాత వస్తుంది. ఇడ్లీ తిన్నా, పరాఠా తిన్నా, సరిగ్గా బస్సు ఎక్కే వేళకో, అసెంబ్లీలో నిలబడ్డ వేళకో. ఇక్కడ మాత్రం ఆపడం మన చేతిలో ఉంది. చిక్కంతా అక్కడే.

బదిలీ మీద కొత్తగా చేరిన పిల్లలు కొందరు రెండు మూడు వారాలకు కడుపునొప్పి అంటారు. మేము పనిచేసిన ప్రతి ఊళ్ళోనూ ఇది చూశాం. అడిగితే, టాయిలెట్ ఎక్కడో తెలియదనో, హిందీలో ఎలా అడగాలో తెలియదనో చెబుతారు. సాయంత్రం దాకా ఆపుకుంటారు. ఆపిన కొద్దీ పేగు నీరు పీల్చుతూనే ఉంటుంది, మలం గట్టిపడుతుంది. వెళ్తే నొప్పి, నొప్పి భయంతో మళ్ళీ ఆపుకోవడం. ఇలా చాలా రోజులు సాగితే పురీషనాళం సాగిపోయి, వెళ్ళాలన్న కబురు కూడా సరిగ్గా అందదు.

ఇరవై నిమిషాలు ముందు లేవండి. టిఫిన్ తిన్నాక, బస్సుకు ముందు, కాసేపు తీరిగ్గా కూర్చోండి. నీళ్ళు, ఆకుకూరలు, పళ్ళు మానకండి. రక్తం కనబడినా, నొప్పి తగ్గకపోయినా ఇంట్లో చెప్పండి, డాక్టరుకు చూపిస్తారు. కొత్త బడిలో మొదటి రోజే లైబ్రరీ కన్నా ముందు టాయిలెట్ ఎక్కడుందో చూసుకోండి. మా తరగతిలో అయితే చెయ్యెత్తి తలుపు వైపు చూపిస్తే చాలు, ఏ భాషా అక్కరలేదు.