ముగ్గులో చుక్కలు, కెమేరాలో చుక్కలు



సంక్రాంతి నెలలో మీ అమ్మో, అక్కయ్యో వాకిట్లో ముగ్గు వేస్తూ ఉంటే మీరు చూచే ఉంటారు. ముందు చుక్కలు పెడతారు. తరువాత వాటిని కలుపుతూ గీతలు గీస్తారు. వరుసకు అయిదు చుక్కలు పెడితే ఒక చిన్న పువ్వు వస్తుంది. అదే ఇరవై ఒక్క చుక్కలు పెడితే నెమలి వస్తుంది, రథం వస్తుంది. చుక్కలు ఎక్కువైనకొద్దీ బొమ్మలో వివరం ఎక్కువవుతుంది. ఈ సంగతి జ్ఞాపకం ఉంచుకోండి. ఇవాళ నేను చెప్పబోయే కెమేరాల సంగతంతా ఈ చుక్కల లోనే ఉన్నది.

మాది నెల్లూరు జిల్లా మనుబోలు. నెల్లూరుకూ గూడూరుకూ మధ్య, చెన్నై పోయే రైలుదారి మీద ఉన్నది. నేను చాలా ఏళ్ళు పంతులుగా, ఆ తరువాత ప్రధానోపాధ్యాయుడుగా పనిచేశాను. 1994లో మా బడి వార్షికోత్సవానికి చందాలు వేసుకుని వీడియో తీయించాం. ఆ రోజుల్లో వీడియో అంటే ఊరంతా గుమిగూడే వేడుక. భుజాన పెద్ద కెమేరా, దాని మీద కళ్ళు జిగేల్‌మనే దీపం! ప్రార్థన పాడటానికి పిల్లలంతా వేదిక మీద ఈ చివర నుంచి ఆ చివరకు వరుసగా నిలబడ్డారు.

ఆ వరుసలో చిట్టచివర నిలబడిన పిల్లవాడు మరుసటి సంవత్సరమే విషజ్వరంతో పోయాడు. వాళ్ళు కూలి చేసుకుని బతికేవాళ్ళు. ఇంట్లో వాడి ఫోటో ఒక్కటి కూడా లేదు. 2005లో మేము ఆ పాత టేపును డిస్కులోకి ఎక్కించామని విని, వాడి తల్లి బడికి వచ్చింది.

"మావాడి మొహం ఒక్కసారి చూపించండి అయ్యోరా," అన్నది.

టేపులో సగం అప్పటికే బూజు పట్టి పాడైంది. అదృష్టవశాత్తూ ప్రార్థన మిగిలింది. కంప్యూటరులో బొమ్మను ఆపి, ఆ చివరి పిల్లవాణ్ణి పెద్దది చేశాం. పెద్దది చేసినకొద్దీ మొహం కనిపించటానికి బదులు, నాలుగు గోధుమరంగు గళ్ళు మాత్రం కనిపించాయి. కళ్ళు లేవు, నోరు లేదు. ఆమె చాలాసేపు చూచింది.

"చేతులు కట్టుకుని నిలబడ్డాడే, వాడే మావాడు," అని కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

నేను సైన్సు పంతుల్ని గదా! ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. మీరూ వేయండి.

ఆ వేదిక వెడల్పు 12 మీటర్లు. ఆనాటి వి.హెచ్.ఎస్. టేపు, బొమ్మ అడ్డంగా సుమారు 320 చుక్కల వివరాన్ని మాత్రమే పట్టగలదు. అంటే మీటరుకు 27 చుక్కలైనా పూర్తిగా లేవు. పిల్లవాడి మొహం వెడల్పు 15 సెంటీమీటర్లు అనుకుందాం. ఎన్ని చుక్కలు వచ్చాయి? నాలుగు! నాలుగు చుక్కల ముగ్గులో నెమలి రాదు గదా. తల్లికి బిడ్డ మొహమూ రాలేదు.

మరి అంతకు పూర్వం స్పష్టమైన బొమ్మలు లేవా అంటే, ఉన్నాయి. 1957లో వచ్చిన 'మాయాబజార్' మీరు చూచే ఉంటారు. కె.వి. రెడ్డిగారు దర్శకులు, మార్కస్ బార్‌ట్లేగారు ఛాయాగ్రాహకులు. దానిని ఫిల్ము మీద తీశారు. ఫిల్ములో చుక్కలు ఉండవు. వెలుతురు తగిలితే మారే వెండి లవణపు సన్నని రేణువులు ఉంటాయి. అవి ఎంత సన్నమంటే, యాభై మూడేళ్ళ తరువాత, 2010లో, ఆ బొమ్మకు రంగులు అద్ది మళ్ళీ పెద్ద తెర మీద చూపగలిగారు. చూచారా చిత్రం! 1957 నాటి ఘటోత్కచుడి మీసం స్పష్టంగా ఉన్నది, 1994 నాటి మా పిల్లవాడి మొహం లేదు.

కారణం డబ్బు. 35 మిల్లీమీటర్ల ఫిల్ము నిమిషానికి 90 అడుగులు ఖర్చవుతుంది. దానిని కడగటానికి ప్రయోగశాల కావాలి. అదంతా మద్రాసు స్టూడియోల వల్ల అవుతుంది గాని, పల్లెటూరి బడి వల్ల అవుతుందా? కనుక స్పష్టమైన బొమ్మ కలిగినవారికి, మసకబొమ్మ లేనివారికి దక్కింది.

ఈ తేడా మన కళ్ళ ఎదుటే తగ్గిపోయింది. ఇప్పటి అతిస్పష్ట వీడియోను 'ఫోర్ కె' అంటున్నారు. అందులో అడ్డంగా 3,840 చుక్కలు, నిలువుగా 2,160. రెండూ గుణించండి. 82,94,400 వస్తుంది. అంతకు ముందు వచ్చిన హెచ్.డి. బొమ్మలో 1,920 అడ్డంగా, 1,080 నిలువుగా, మొత్తం 20,73,600. అంటే ఫోర్ కె దానికి సరిగ్గా నాలుగు రెట్లు. మా వేదికను ఫోర్ కె కెమేరాతో తీస్తే ఆ చివరి మొహానికి అడ్డంగా 48 చుక్కలు వస్తాయి. 48 చుక్కలలో కళ్ళు, ముక్కు, నవ్వు, అన్నీ తెలుస్తాయి.

2007లో అమెరికాలో 'రెడ్ వన్' అనే ఫోర్ కె కెమేరా అమ్మకానికి వచ్చింది. లెన్సు కాక దాని ధర 17,500 డాలర్లు, అంటే అప్పటి లెక్కన సుమారు 7 లక్షల రూపాయలు. సినిమావాళ్ళు అదే చవక అని ఆశ్చర్యపోయారు! 2012లో అరచేతిలో ఇమిడే 'గోప్రో హీరో 3' వచ్చింది. దాని మేలురకం ధర సుమారు 400 డాలర్లు. అయితే అది ఫోర్ కె బొమ్మలను సెకనుకు 15 మాత్రమే తీసేది. 2014లో వచ్చిన దాని తరువాతి రకం 30 తీసింది. 2013 నుంచి ఫోర్ కె తీసే ఫోనులు కూడా వచ్చాయి. ఇప్పుడు అలాంటి ఫోను మీ మామయ్య జేబులోనో, బాబాయి జేబులోనో ఉండవచ్చు.

ఇంత చవక ఎట్లా అయింది? రెండు కారణాలు చెబుతాను.

మొదటిది, కెమేరాకు కన్ను వంటి 'సీమాస్' పలక. దాని మీద లక్షలాది చిన్న గుంటలు ఉన్నాయనుకోండి. వానలో పెట్టిన గిన్నెల్లో నీరు పడినట్టు, ఒక్కొక్క గుంటలో వెలుతురు పడుతుంది. ఎందులో ఎంత పడిందో కొలిచి అంకెలుగా రాస్తారు. 1990ల్లో ఎరిక్ ఫోసమ్ అనే శాస్త్రవేత్తా, ఆయన తోటివారూ అంతరిక్ష నౌకలకు తేలికైన కెమేరాలు కావాలని ఈ రకం పలకలను బాగుచేశారు. తరువాత ప్రపంచంలోని ఫోనులన్నిటికీ అవి కావలసివచ్చాయి. కోట్లకొలదిగా తయారయ్యే వస్తువు ధర తగ్గక ఏమవుతుంది?

రెండవది, అంకెలను కుదించే ఉపాయం. ఒక్కొక్క చుక్కకు మూడు అంకెల చొప్పున, సెకనుకు 25 బొమ్మలు ఉన్నవి ఉన్నట్టు రాస్తే, సెకనుకే 62 కోట్ల అంకెలు అవుతాయి. అందుకని కెమేరా ఒక యుక్తి చేస్తుంది. హాజరు పిలిచి "ఈరోజు ఎవరెవరు రాలేదు?" అని మాత్రమే పలకమీద రాస్తామే, అట్లాగే ఒక బొమ్మకూ తరువాతి బొమ్మకూ మధ్య మారినది మాత్రమే రాసుకుంటుంది. గోడ కదలదు, కనుక గోడను మళ్ళీ రాయనక్కరలేదు. ఇటువంటి యుక్తులతో అంకెలు యాభయ్యోవంతుకు తగ్గిపోతాయి.

దీనివల్ల ముచ్చటే గాక మేలు కూడా ఉన్నది. 2022 వరకు మా జిల్లాలోనే ఉండిన నేలపట్టు పక్షుల రక్షితకేంద్రం ఉన్నది కదా! అక్కడ చెరువులోని చెట్లమీద గూడబాతులు గూళ్ళు కడతాయి. దగ్గరకు పోతే అవి బెదురుతాయి. దూరంగా నిలబడి స్పష్టమైన వీడియో తీస్తే, గూట్లో పిల్లలెన్నో తరువాత ఇంటిదగ్గర కూర్చుని లెక్కపెట్టవచ్చు. పక్షికి బాధ లేదు.

అయితే ఎక్కువ చూడగలిగిన కంటికి ఎక్కువ మర్యాద కావాలి. దూరాన ఉన్న మనిషి మొహమే గాక, అతని చేతిలోని కాగితం కూడా ఇప్పుడు చదవవచ్చు. అందుచేత ఎవరినీ అడగకుండా తీయకండి. వద్దంటే మానండి.

మరొక్క మాట. మా టేపుకు బూజు పట్టినట్టే, మీ కార్డూ ఒకనాటికి పాడు కావచ్చు. ఫోను పోవచ్చు. ముఖ్యమైన వీడియోను రెండు మూడు చోట్ల దాచండి. తీసే ముందు అద్దం మెత్తని గుడ్డతో తుడవండి. అద్దం మసకగా ఉంటే 82 లక్షల చుక్కలూ మసకనే చూపుతాయి.

ఈమధ్య మా బడి వార్షికోత్సవానికి మా మనుమరాలు స్టూలు మీద పుస్తకాలు పేర్చి, వాటికి ఫోను ఆనించి, ప్రార్థన వీడియో తీసింది. ఇంటికి వచ్చాక నేను ముందుగా వరుస చివరనున్న పిల్లను పెద్దది చేసి చూశాను. చెవిపోగుతో సహా కనిపించింది!

"బాగా వచ్చిందా తాతయ్యా?" అని అడిగింది మా మనుమరాలు.

"వచ్చిందమ్మా. మరి ఈ అమ్మాయి పేరేమిటి?" అన్నాను.

దానికి తెలియదు. మరునాడు కాగితం పట్టుకుపోయి, ఈ చివర నుంచి ఆ చివరకు అందరి పేర్లూ అడిగి రాసుకుని వచ్చింది. చుక్కలు మొహాన్ని దాచగలవు. పేరు మాత్రం మనమే రాసి ఉంచాలి.

మీ బడి వీడియోలో వరుస చివర నిలబడేది ఎవరు? ఈసారి తీసేటప్పుడు వాళ్ళు కూడా కనిపిస్తున్నారో లేదో చూసుకోండి.